పిన్ని ప్యాకేజీని తీసెయ్యనివ్వను

పిన్ని పోయిందన్న కబురు వచ్చిన వారానికే ఇంకో కబురు వచ్చింది. ఆమె చూసుకునే సాఫ్ట్‌వేర్ ప్యాకేజీని, ఎవరైనా దించుకోగల ప్యాకేజీల జాబితాలోంచి తీసేస్తారట. మొదటి కబురు ముందు నేనేమీ చేయలేకపోయాను. రెండోదానికి ఒప్పుకోలేదు.

పిన్ని గాజువాకలో ఒక చిన్న కంపెనీలో ప్రోగ్రామర్. గ్రాఫ్ డేటాబేస్ అంటే ఏమిటని నేనడిగితే, పెళ్లి పందిట్లో కూర్చున్న చుట్టాలను చూపించింది. మనుషులు చుక్కలట, వరసలు గీతలట. గీతల వెంట వెళ్తే ఎవరికి ఎవరేమవుతారో తేలిపోతుందట. అలాంటి డేటాబేస్‌ను పైథాన్ అనే కంప్యూటర్ భాషలో వాడుకోవడానికి ఎవరో రాసి వదిలేసిన లైబ్రరీ, అంటే సిద్ధంగా రాసిపెట్టిన కోడ్, ఒకటుంది. ఒక్క కమాండ్‌తో ఎవరి కంప్యూటర్లోకైనా ఎక్కేలా దాన్ని ప్యాకేజీగా కట్టడం పిన్ని తనంతట తాను నెత్తినేసుకున్న పని. ‘కట్టడం’ అన్న మాట ఆమెదే. అన్నం మూట కట్టినంత శ్రద్ధ వినిపించేది అందులో.

ఆటోనగర్‌లో లారీ సామాన్ల కొట్టొకటి దాని మీదే ఆధారపడింది. అడిగిన బేరింగు లేకపోతే బదులు ఏది సరిపోతుందో పిన్ని రాసిచ్చిన ప్రోగ్రాం చెబుతుంది.

కొత్త వెర్షన్ కట్టిన ప్రతిసారీ, కంప్యూటర్లో ఉన్నవన్నీ చెరిపేసి మొదటినుంచి ఎక్కించి చూసేది. నా కంప్యూటర్లో నడిచింది కదా అని నేను విసుక్కుంటే, “నీకాడ అన్నీ ముందే ఉన్నాయి కదే. ఏటీ లేనోడికాడ నడవాల,” అనేది.

వాడేవాళ్లు తక్కువ, ఆపేద్దామని జాబితా నడిపే బృందం ఆమె ఆసుపత్రిలో ఉండగానే రాసింది. సెలైన్ లేని చేత్తో జవాబు కొడుతూ, “తక్కువమందని తీసేత్తారేటి? ఆ తక్కువమంది మనుసులు కారేటి?” అంది నాతో.

ఇప్పుడు పైథాన్ కొత్త వెర్షన్‌తో ప్యాకేజీ పనిచేయడం మానేసింది. కొట్టులో పాత కంప్యూటర్ కూడా పాడైంది. ప్యాకేజీ పోతే కొత్తదాంట్లోకి ప్రోగ్రాం ఎక్కదు. బాధ్యులెవరన్న చోట పిన్ని పేరు కింద నా పేరు రాశాను. చదువుకునే అమ్మాయివి, మోయగలవా అని జాబితా నడిపేవాళ్లు అడిగారు. మోస్తానన్నాను. చనిపోయిన మనిషి పేరు తీసెయ్యమన్నారు. తియ్యనన్నాను. తప్పు తర్వాత తప్పు సరిచేసుకుంటూ ప్యాకేజీని మళ్లీ కట్టి జాబితాలో నిలబెట్టాను.

నిన్న ఆ కొట్టుకి వెళ్లాను.

“మీ పిన్నితోనే ఆగిపోద్దనుకున్నామమ్మా,” అన్నాడు కొట్టాయన.

“ఆగదండి,” అన్నాను.

కొత్త కంప్యూటర్లో ప్యాకేజీ ఎక్కించే కమాండ్ రాసి, ఆయన్నే ఎంటర్ నొక్కమన్నాను. చేతులు గుడ్డకి తుడుచుకుని నొక్కాడు. బయట ఒక చక్రం విప్పిన లారీ జాకీ మీద నిలబడి ఉంది. తెర మీద వరసలు ఒకదాని వెనక ఒకటి పైకి జరుగుతున్నాయి. ఎంటర్ మీట మీద నల్లగా ఆయన వేలిముద్ర మెరుస్తోంది.