తలుపులు బిగించిన రంగుల గది

నా చిన్నప్పుడు బరంపురం బడా బజారు వెనక సందులో, మా పక్కింట్లో బోర్డులు రాసే మావయ్య ఉండేవాడు. ఒడియా అయినా తెలుగైనా గీత గీసుకోకుండానే గుండ్రంగా రాసేవాడు. ఎండకు పెట్టిన బోర్డుల చుట్టూ చేరి మేం పిల్లలం అక్షరాలు కూడబలుక్కునేవాళ్ళం.

తడి రంగు మీద ఒక్క నలుసు పడినా ఆయన ఓర్చుకోలేడు. సందులో బళ్ళు తిరిగితే దుమ్ము లేస్తుందని, తలుపులూ కిటికీలూ బిగించి, పగుళ్ళలో పాత పంచె గుడ్డలు కుక్కి, రంగు పలచన చేసే థిన్నర్ డబ్బాల మధ్య కూర్చుని రాసేవాడు. ఎంత పనిమంతుడో అని అందరూ మెచ్చుకున్నదే ఆ అలవాటు, పాపం.

కొన్నాళ్ళకు సాయంత్రం బయటికొచ్చేటప్పుడు తూలడం మొదలైంది. మాట ముద్దగా వచ్చేది. ఒకరోజు సొంత కూతుర్ని పిలవబోయి, పేరు అందక నిలబడిపోయాడు. ఇంకేముంది, తాగుడు మరిగాడని సందంతా తేల్చేసింది. ఆయన కాదంటే ఎవరు వింటారు? వాళ్ళావిడ, మా అత్త కూడా నమ్మలేదు. పిల్లల్ని తీసుకుని రామయ్యపట్నంలోని పుట్టింటికి వెళ్ళిపోతానని మా నాయనమ్మ దగ్గర ఏడ్చింది.

మా నాయనమ్మ బతిమాలలేదు. తన ట్రంకు పెట్టె మీద పూలు వేయించాలంది. రేపు పొద్దున్నుంచీ అత్తనే ఆ గదిలో దగ్గరుండి వేయించమని, సీసా ఎక్కడ దాస్తాడో తన కళ్ళతో చూసి, ఆ తర్వాత కావాలంటే వెళ్ళమని చెప్పింది. అంతకుముందు ఓసారి తనే ఆ గదిలోకి వెళ్ళి తల పట్టుకుని బయటపడిందట. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు, గడుసుది.

మర్నాడు అత్త ఆ గదిలో కూర్చుంది. నాయనమ్మ అరుగు మీద బియ్యం ఏరుతూ ఆ తలుపు మీదే కన్నేసి ఉంచింది. మధ్యాహ్నం కాకముందే తలుపు తెరుచుకుంది. అత్త గడప దాటలేక ద్వారబంధం పట్టుకుని తూలింది. నాయనమ్మ గబగబా వెళ్ళి పొదివి పట్టుకుని, "ఏటమ్మా, నువ్వూ తాగీసినావేటి?" అంది.

అత్త వెనక్కి చూసింది. లోపల మావయ్య వంగి ఇంకా పూరేకులు దిద్దుతూనే ఉన్నాడు. "ఇన్నాళ్ళూ ఈ గాలే పీల్సుకుంటన్నాడు పెద్దమ్మా" అని భోరుమంది.

ఆ పూటే గుడ్డలు పీకేశారు. మావయ్య ఆ పెట్టెతో సహా అరుగు మీదకు మారాడు. బోర్డుల మీద దుమ్ము పడినా ఒక్కరూ వంక పెట్టలేదు. తూలడం తగ్గింది కానీ కొన్ని పేర్లు తిరిగి రాలేదు. అలాంటి ఆవిరి ఏళ్ళ తరబడి పీలిస్తే మెదడుకు రక్తం సరిగ్గా అందకపోవచ్చని పెద్దాసుపత్రి డాక్టరు చెప్పాడట. అప్పట్నుంచీ కూతురు గుమ్మంలోకి రాగానే అత్త ముందుగా పేరు పెట్టి పిలిచేది. ఆ వెనకే ఆయన నవ్వుతూ పిలిచేవాడు.

ఇప్పటికీ ఎవరైనా తూలుతూ కనిపిస్తే, ఏం తాగాడని కాదు, ఏ గదిలో పనిచేసి వస్తున్నాడని అడగాలనిపిస్తుంది నాకు. నాయనమ్మ ట్రంకు పెట్టె నా దగ్గరే ఉంది. గదిలో వేసిన పూలన్నీ అద్దంలా నునుపుగా ఉంటాయి. అరుగు మీద వేసిన చివరి పువ్వు మాత్రం దుమ్ము పట్టి వేలికి గరుగ్గా తగులుతుంది. నేను తడుముకునేది దాన్నే.