తెర చావలేదు, లైటు పోయింది

చదువుకోలేదని నా మాటను తీసిపారేయడం ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను. రొయ్యల చెరువు మీద బతికినవాడికి మిషన్ల సంగతి ఏం తెలుస్తుందని అందరికీ ధీమా.

మా కోడలు ఇంట్లో పెళ్లికార్డులు టైపు చేసి ఇస్తుంది. ఆదివారానికి ఒక కార్డు ఇవ్వాల్సి ఉండగా, ఈ రోజు పొద్దున కంప్యూటర్ తెర నల్లబడిపోయింది. నరసాపురం నుంచి మెకానిక్ వచ్చి, రెండుసార్లు స్విచ్ నొక్కి తేల్చేశాడు.

"స్క్రీన్ చచ్చిపోయిందండి బాబాయిగారూ. కొత్తది కొనుక్కోండి."

"రొయ్య కదలకపోతే చచ్చినట్టేనేంటయ్యా? వెలుగులో పెట్టి చూడొద్దా?" అని టార్చిలైటు తెచ్చి తెర మీద ఏటవాలుగా వేశాను. లోపల అక్షరాలు మసకమసకగా కనిపించాయి. కోడలు పెళ్లికూతురి పేరు పైకి చదివింది.

"అవునండోయ్, బొమ్మ వస్తోంది. వెనకాల లైటు పోయినట్టుంది. అయినా పాత మోడలండి, ఇది ఎవరూ మార్చరు."

"ఎవరూ మార్చరా, నీకు రాదా?"

కనుక్కుని చెబుతానంటూ సంచి సర్దుకుని వెళ్లిపోయాడు.

ఇప్పుడు నెట్ సెంటర్లో నేను చెబుతుంటే కోడలు ఇది టైపు చేసి నెట్లో పెడుతోంది. ఆ మెకానిక్ కూడా చూస్తాడట. చూడు బాబూ, రాదంటే తప్పు పట్టను, కాఫీ ఇచ్చే పంపుతాను. చదివేవారిలో ఎవరికైనా ఈ లైటు మార్చడం వస్తే మీరైనా చెప్పండి. చేసిన కార్డు ఆ కంప్యూటర్లోనే ఉండిపోయింది, అది ఆగితే పెళ్లివారు నిలదీసేది మా కోడల్నే. శుక్రవారం సాయంత్రంలోగా నాకు జవాబు కావాలి.