అన్నయ్య ఉమ్మి

లాక్‌డౌన్ రోజుల్లో ఐర్లండ్‌లోని మెయ్‌నూత్ యూనివర్సిటీలో నా ఉద్యోగం బరువులెత్తే ఆటగాళ్ల కోపాన్ని కొలవడం. స్టెరాయిడ్లు వాడేవాళ్లకూ వాడనివాళ్లకూ హార్మోన్లలో, కోపతాపాల్లో తేడా ఎంతో చూడాలి. ల్యాబ్‌కి ఎవరూ రాకూడదు కనక వాళ్ల ఉమ్మి నేనే ఇళ్లకెళ్లి తెచ్చుకునేదాన్ని. రోజూ నిద్రలేవగానే, వీడియో కాల్‌లో నేను చూస్తుండగా, ట్యూబులో ఉమ్మి ఫ్రీజర్‌లో పెట్టాలి. ఐరిష్ కుర్రాళ్లందరూ నిద్రకళ్లతో కెమెరా ముందు బుద్ధిగా ఉమ్మారు.

వాడనివాళ్ల జాబితాలో మొదటివాడు అన్నయ్య. సొంత అన్న కాదు. నేనీ దేశం వచ్చిన కొత్తలో అద్దె ఇల్లు వెతికిపెట్టిన పెద్దమనిషి, జిమ్‌లో బరువులెత్తుతాడు. అలాంటివాణ్ణి నా కళ్ల ముందు ఉమ్మమనడానికి నోరు రాలేదు. "మీకు వీడియో అక్కర్లేదులెండి" అన్నాను.

ప్రతి శనివారం నేను గేటు దగ్గర నిలబడితే, నర్సుగా పనిచేసే వదిన ఐస్‌క్రీం డబ్బాలో ట్యూబులూ, ఆ వారం ఎన్నిసార్లు కోపమొచ్చిందో రాసే ఫారమూ తెచ్చి గోడ మీద పెట్టేది. ఫారం నిండా సున్నాలే. లోపల్నుంచి అన్నయ్య, "అంతా గ్రాండ్ చెల్లెమ్మా!" అని కేకేసేవాడు. మీటింగుల్లో ఆ సున్నాలు చూపించి తెగ మురిసిపోయేదాన్ని.

నెల తర్వాత ఫలితాలొచ్చాయి. అన్నయ్య ఉమ్మిలో ఆడవాళ్ల హార్మోన్ నెల మధ్యలో పెరిగి, చివర్లో పడిపోయింది. మగవాడికి నెలసరి! ముందు నవ్వొచ్చింది. తర్వాత ఒళ్లు మండిపోయింది. పరాయివాళ్లెవరూ చేయని మోసం, నేను నమ్మి నియమం సడలించిన ఒక్క ఇంట్లోనే జరిగింది. ఏడుపు కూడా వచ్చింది.

అన్నయ్య సరుకులకు వెళ్లిన వేళ చూసుకుని వెళ్లాను.

"నన్నింత వెర్రిదాన్ని చేస్తారా వదినా? మీ ఉమ్మి తెచ్చి నా ట్యూబుల్లో పోస్తారా?"

వదిన బుకాయించలేదు. "ఆయన ఇంజెక్షన్లు వేసుకుంటున్నారమ్మా. ఫారం దగ్గర కూర్చుని నాచేత సున్నాలు రాయించారు. ఉమ్మి ఇస్తే దొరికిపోతామని, నీ పరీక్షలే మానేద్దామన్నారు. నేనే ఇస్తాలెండి అన్నాను."

"ఎందుకు?"

"మానేస్తే నువ్వు రావు కదా. ఈ లాక్‌డౌన్‌లో మా ఇంటికొచ్చేది నువ్వొక్కదానివే. నువ్వొస్తావని శుక్రవారం నుంచే చెయ్యి చేసుకోవడం ఆపేవారు."

కోపాన్ని కొలిచే మనిషిని నేను. నాలుగు శనివారాలూ ఆ డబ్బా అందుకుని, రెండు మీటర్ల దూరం నుంచే థాంక్స్ చెప్పి, ఆమె మొహంకేసి చూడకుండా ఇంటికొచ్చేశాను.