సెప్టెంబరు పదిహేడో పేజీ

పోయినవి ముందు రాస్తాను. మహబూబ్‌నగర్ దవాఖానలో మంత్రసాని శిక్షణకు దొరకవలసిన ఒక చోటు. మక్తల్ నుంచి అక్కడికి మూడుసార్లు బస్సు ప్రయాణం, మనిషికి మూడు పనిదినాలు. మేక ఈనినప్పుడల్లా పొరుగింటి గోడ మీదుగా మా ఇంటికి వచ్చే జున్నుపాల గిన్నె. నేను లెక్క కడితే తప్పు పోదని ఊరికున్న నమ్మకం. అంతకంటే ఎక్కువగా, నా మీద నాకున్న నమ్మకం. మొత్తం ఐదు. ఇన్ని పోవడానికి ఒక్క కూడిక చాలింది.

మక్తల్‌లో పల్లీల మండీలో తూకాల చిట్టీలు రాసేవాణ్ణి. ఉర్దూలో నాలుగో తరగతి దాకా చదివాను, మిగతాదంతా నా అంతట నేను నేర్చుకున్నదే. నిజాం రాజ్యం పోయాక బడిలో, కచేరీలో, ఎక్కడికి పోయినా ఇంగ్లీషు తేదీ అడగడం మొదలైంది. ఊళ్లో పుట్టుకలన్నీ పటేలు రిజిస్టరులో పాత సర్కారు వాడిన ఫసలీ సంవత్సరాల్లో, ఆజూర్, ఆబాన్ అనే నెలల పేర్లతో ఉండేవి. జనం ఆ నకలు పట్టుకుని నా దగ్గరికి వచ్చేవాళ్లు. నేను ఇంగ్లీషు తేదీ కట్టి కాగితం రాస్తే పటేలు సంతకం చేసేవాడు. పైసా తీసుకోలేదు.

ఆ పనిలోంచే ఒక పిచ్చి పట్టుకుంది. మూడువందల అరవై ఆరు పేజీల నోటుబుక్కు కుట్టించాను. తేదీకి ఒక పేజీ. ఏ సంవత్సరమైనా సరే, ఆ తేదీన జరిగింది ఆ పేజీలోనే. చాయ్ హోటల్లో పేపరు చూసి గొప్పవాళ్ల పుట్టినరోజులు, యుద్ధాలు రాసేవాణ్ణి. వాటి కిందే మా ఊరి పుట్టుకలు, బావిలో నీళ్లు పడిన రోజు, బస్సు మొదటిసారి వచ్చిన రోజు. ఎక్కడో పెద్ద రాజు, మా కుమ్మరి రెండో కూతురు ఒకే పేజీలో పక్కపక్కన కనబడితే నాకు కాలు నిలిచేది కాదు. లేచి తిరిగేవాణ్ణి, మళ్లీ వచ్చి చూసేవాణ్ణి. దీని వెనక ఏదో లెక్క ఉంటుందనిపించేది. అన్నిటికంటే ఎక్కువ తిప్పింది సెప్టెంబరు పదిహేడో పేజీని. 1948లో మా రాజ్యం మారిన తేదీ అది.

1963 ఎండాకాలంలో పొరుగింటామె వచ్చింది. గొర్లు కాసుకునే కుటుంబం. నాకంటే పెద్దది, అక్కా అని పిలిచేవాణ్ణి. వెంట కూతురు. పెండ్లయిన రెండేండ్లకే మొగుడు చనిపోయి తల్లిగారింటికి వచ్చిన పిల్ల. ఏడో తరగతి పాసైంది. దవాఖానలో శిక్షణకు ఆడవాళ్లను తీసుకుంటున్నారట, జూలై ఒకటి నాటికి ఇరవై ఐదేండ్లు నిండి ఉండకూడదట. ఆ పిల్లకు గొర్ల వెంట తిరిగే బతుకులోంచి బయటపడే దారి అదొక్కటే.

నకలు చూశాను. ఫసలీ 1347, ఆబాన్ నెల. ఐదువందల తొంభై కలిపాను. 1937. తేదీ కట్టి చూస్తే సెప్టెంబరు పదిహేడు! ఎగిరి గంతేసినంత పని చేశాను.

"అక్కా, నీ బిడ్డ ఉత్త దినాన పుట్టలే. రాజ్యం మారిన తేదీనే పుట్టింది."

"గది నాకెర్కలేదా తమ్మీ? రాజ్యం పోయిన దినమే దానికి పదేండ్లు నిండినయ్. బెల్లపన్నం వండుతుంటే జనం ఒర్లుకుంట ఉరికొచ్చిండ్రు."

"పది కాదక్కా, పదకొండు."

"కన్నది నేనా, నువ్వా?"

"కన్నది నువ్వే. లెక్క కట్టింది నేను."

"నీ లెక్క మన్నువడ! నా బిడ్డను ఏడాది ముసల్దాన్ని జేస్తవా?" అని నవ్వింది. నేనూ నవ్వాను. పిల్ల నవ్వలేదు.

"మామా, అమ్మ చెప్పేది ఒక్కపారి సూడరాదా? గీ లెక్కన ఇరువై ఐదు దాటిపోతయ్."

పిల్ల కోసం తల్లి వయసు తగ్గించి చెబుతోందనుకున్నాను. దొంగ వయసు రాస్తే రేపు నౌకరి పోతుందని, ఉన్నది ఉన్నట్టు రాసి బతిమాలి చూద్దామని చెప్పాను. 1937 అనే రాశాను. దరఖాస్తు ఇవ్వడానికి ఒకసారి పోయాం. జవాబు కోసం రెండోసారి పోతే, జాబితాలో పిల్ల పేరు మీద గీత ఉంది. పక్కన వయసు ఎక్కువ అని రాసి ఉంది.

ఆ సెప్టెంబరు పదిహేడున మా ఊరికి కరెంటు స్తంభాలు దిగాయి. అది రాసుకుందామని పేజీ తీశాను. రెండు వరుసలు కళ్లబడ్డాయి. పిల్ల పుట్టుక, ఫసలీ 1347. రాజ్యం మారడం, ఫసలీ 1357. మధ్యన పదేండ్లు. అవే రెండు వరుసల్లో ఇంగ్లీషు సంవత్సరాలు 1937, 1948. మధ్యన పదకొండు! ఒకే తేదీ నుంచి అదే తేదీకి ఒక లెక్కలో పది, ఇంకో లెక్కలో పదకొండు ఎట్లా అవుతాయి?

ఫసలీ సంవత్సరం అక్టోబరులో మారేది. డిసెంబరు దాకా ఐదువందల తొంభై కలపాలి, జనవరి నుంచి ఐదువందల తొంభై ఒకటి. నేను మొట్టమొదట కట్టింది నా సొంత పుట్టుక, ఆజూర్ నెలది, అంటే అక్టోబరు. దానికి తొంభై సరిపోయింది. అప్పటినుంచి అందరికీ అదే కలిపాను. 1948 నేను కళ్లారా చూసిన సంవత్సరం, కూడే పని పడలేదు. ఆబాన్ అంటే సెప్టెంబరు, కాబట్టి పిల్ల పుట్టింది 1938లో. తల్లి చెప్పిందే నిజం. పిల్లకు నిజంగా ఇరవై ఐదు నిండింది ఆ రోజే.

గోడ దగ్గర నిలబడి చెప్పాను. అక్క తిట్టలేదు. "కన్నదానికి తెల్వదంటివి గదా," అని లోపలికి పోయింది. మర్నాడు కొత్త కాగితంతో పిల్లను తీసుకుని మూడోసారి పోయాను.

గుమాస్తా రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాడు. "జూలైల తెస్తే పని అయిపోతుండె సాబ్. క్లాసులు నడుస్తున్నయ్."

"వచ్చే ఏడాది?"

"వచ్చే జూలైకి మీ కొత్త లెక్కల గూడ ఇరవై ఐదు నిండే ఉంటయ్ గదా." నా మొహం చూశాడు. "లెక్కలు కట్టేది మీరేనా?"

తిరుగు బస్సులో దేవరకద్ర దాటాం. పిల్ల కిటికీలోంచి బయటకు చూస్తూనే, "మా అమ్మకు సదువు రాదని గదా మామా నువ్వు ఇనకపోతివి," అంది.

అప్పటినుంచి కుదురుగా కూర్చోలేకపోయాను. నోటుబుక్కు మొదటినుంచి తిరగేశాను. నేను కట్టిన పుట్టుకలు నూట పది. వాటిలో ఎనభై మూడింటికి ఏడాది తప్పు. కొత్త కాగితాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. చాలామంది నవ్వారు. "ఏడాది పెరిగితే ఏమాయె, పోరడు జల్ది పెండ్లికొస్తడు," అన్నాడు ఒకాయన. ఎనభై రెండు ఇండ్లలో ఎవరికీ నష్టం జరగలేదు.

ఆ పిల్ల ఇప్పటికీ తల్లితో గొర్ల వెంటే పోతోంది. వాకిట్లో ఎదురైతే కర్ర భుజాన వేసుకుని ఆగుతుంది. "మామా, నా ఏడాది ఎప్పుడిస్తవ్?" అంటుంది. నవ్వుతూ అంటుందో లేదో తేల్చుకోలేను. తల వంచుకుని పోతాను.

1937 సెప్టెంబరు పదిహేడు నుంచి 1938 సెప్టెంబరు పదిహేడు దాకా మూడువందల అరవై ఐదు రోజులు. మధ్యలో లీపు సంవత్సరం లేదు, రెండుసార్లు చూశాను. ఆమెకు నేను ఈనాటికీ బాకీ ఉన్నది అవే, మూడువందల అరవై ఐదు.