మద్దిమాను అవతలి సగం

షుకూర్‌కి పుట్టినరోజు పెట్టింది అమ్మానాన్నలు కాదు, పోస్టాఫీసు. ఉద్యోగంలో చేరేనాడు "ఎప్పుడు పుట్టినవ్?" అని అడిగితే తెల్లమొహం వేశాడట. అక్కడి పోస్టుమాస్టరు మనిషిని కిందా మీదా చూసి, ఇరవై రెండేళ్లుంటాయిలే అనుకుని, సర్వీసు బుక్కులో 1938 జూలై ఒకటి అని రాసి పడేశాడు. "మా అత్తమ్మ ఈయన్ని చలికాలంల కుంపటి పక్కన కన్నదట భాయ్ సాబ్, జూలైల పుట్టుడేంది?" అని ఆయన భార్య సర్వరీ బేగం ఇప్పటికీ నవ్వుతుంది. షుకూర్‌కి మాత్రం సర్కారు రాసిందే రాత. వచ్చే జూలై ఒకటికి తనకు యాభై నిండుతాయనీ, ఆ రోజు పదమూడు మైళ్లు ఉరుకుతాననీ 1988 సంక్రాంతి సెలవులు అయిపోగానే నాతో చెప్పాడు.

"ఇదేం పోయేకాలమయ్యా నీకు?" అన్నాను.

నా పేరు బసవపున్నయ్య. మాది మధిర. ఖమ్మం పోస్టాఫీసులో సార్టింగు గుమాస్తాని, టపా సంచుల గది తాళం నా దగ్గరే ఉండేది. షుకూర్ అదే గదిలో ప్యాకరు. సంచులు కట్టి, లక్క ముద్ర వేసి రైలుకి పంపడం ఆయన పని. ఖానాపురం హవేలి పేటలో మా రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. నాకు నోటి దురుసు ఎక్కువని ఆఫీసులో అందరూ అంటారు. ఆ నోటిని పద్నాలుగేళ్లు కిక్కురుమనకుండా భరించినవాడు షుకూర్ ఒక్కడే.

"పోయేకాలం కాదన్నా. ఒకని దగ్గరికి పోవాలె," అన్నాడు.

ఆ ఒకడెవడో ఆ రోజే మొదటిసారి చెప్పాడు.

ఖమ్మం రాకముందు షుకూర్ టపా రన్నరు. కొత్తగూడెం దాటి భద్రాచలం వైపు అడవిలో దొరచెలక అని ఒక ఊరు. అక్కడి నుంచి ఇప్పలగూడెం దాకా పదమూడు మైళ్ల బండ్ల బాట. ఆ బాటన ఉత్తరాలు మనుషుల కాళ్ల మీదే పోయేవి. పద్ధతి ఏమిటంటే, దొరచెలక సంచి తీసుకుని ఈయన ఇటునుంచి ఉరికేవాడు. ఇప్పలగూడెం సంచి తీసుకుని బొజ్జయ్య అనే కోయాయన అటునుంచి ఉరికేవాడు. సరిగ్గా సగం దారిలో మద్దిమాను కింద కలిసి, సంచులు మార్చుకుని, ఎవరి ఊరికి వాళ్లు వెనక్కి. ఇద్దరి చేతుల్లోనూ మువ్వలు కట్టిన బల్లెం. ఆ చప్పుడికి జంతువులు తప్పుకుంటాయి, ఎదురుచూసేవాడికి మనిషి వస్తున్నాడని తెలుస్తుంది.

"రోజుకు ఒక్క బీడీ కాల్చేంత సేపు కలిసేటోళ్లం," అన్నాడు షుకూర్. "వాడు తునికిపండ్లు తెస్తుండె. నేను సర్వరీ చేసిన రొట్టె తీస్కపోతుంటి. ఎన్నడు పోయినా వాడే ముందుగాల వచ్చి కూసుండేటోడు. నన్ను చూసి 'నువ్వు లేటు' అనేటోడు. గంతే ముచ్చట. ఆదివారం టపా లేకపోయేది. ఆదివారం నాకు అన్నం సయించకపోయేదన్నా."

అలా పద్నాలుగేళ్లు. రోజూ పదమూడు మైళ్లు ఉరికాడు గానీ, పోను సగం, రాను సగం. మద్దిమాను దాటి అవతల ఏముందో ఒక్కనాడూ చూడలేదు. దాటే అవసరం ఒకే ఒక్క సందర్భంలో వస్తుంది. ఎదుటివాడు రాకపోతే, వాడి సగం కూడా నువ్వే ఉరికి సంచి చేర్చాలి. అది రన్నర్ల రూలు. పద్నాలుగేళ్లలో ఇద్దరిలో ఎవరూ రాకుండా ఉండలేదు.

డెబ్బై నాలుగులో చుట్టుదారిన బస్సు రోడ్డు పడింది. ఒకరోజు పొద్దున షుకూర్ సంచి కోసం పోతే, పోస్టుమాస్టరు కాగితం చేతిలో పెట్టాడు. ఈ రోజు నుంచి టపా బస్సులో పోతుంది, నిన్ను ఖమ్మంలో ప్యాకరుగా వేశారు, మధ్యాహ్నం బస్సుకే బయల్దేరు అన్నాడు. బొజ్జయ్యకు ఇవ్వాల్సిన కాగితం కూడా ఆ బస్సు సంచిలోనే ఉంది. అది ఇప్పలగూడెం చేరేసరికి బొజ్జయ్య తన సంచితో ఎప్పుడో బయల్దేరి పోయాడు.

"నేను ఉరికి పోయి చెప్పొచ్చన్నా. ఆరున్నర మైళ్లే గదా! పోస్టుమాస్టరు అక్కర్లేదన్నడు, నేను పెట్టె సర్దుకొని బస్సెక్కిన. వాడు ఆ చెట్టు కింద ఎంతసేపు నిలబడ్డడో. కోపమొచ్చి సంచి ఆడనే పారేసి పోయిండేమో. నౌకరీ గూడ పోగొట్టుకున్నడేమో."

నాకు ఒళ్లు మండిపోయింది. "ఓరి నీ తెలివి తెల్లారా! పద్నాలుగేళ్లలో ఒక్కసారి పోయి కనబడితే నీ సొమ్మేం పోయేదయ్యా?"

"మొదటి ఏడాది సిగ్గయ్యింది. రెండో ఏడాది, మొదటి ఏడాది పోనందుకు సిగ్గయ్యింది. గట్లనే పెరిగింది."

"సరే, ఇప్పుడైనా బస్సుంది. ఎక్కి పో."

"బస్సెక్కి వాని ముందర దిగాల్నా అన్నా?" అన్నాడు.

ఇక మొదలైంది భాగోతం. తెల్లారకముందే లకారం చెరువు కట్ట మీద షుకూర్ పరుగు. మొదటి రోజు అరమైలు పోయి, తూము దగ్గర కూలబడి కక్కుకున్నాడు. రెండో రోజు రిక్షావాళ్లు బండ్లు ఆపి మరీ "ఎవరు తరుముతున్నరు చాచా?" అని అడిగారు. నేను గోడ మీంచి తిట్టేవాణ్ణి, ఆయన వినేవాడు కాదు. మొండివాడు రాజు కంటే బలవంతుడని ఊరికే అన్నారా! మార్చి వచ్చేసరికి నాలుగు మైళ్లు ఆగకుండా పోతున్నాడు.

కాలేజీ గ్రౌండులో హాతీరాం అని డ్రిల్లు మాస్టరు ఉండేవాడు. ఈయన అవస్థ చూసి జాలిపడి, వారానికి ఎన్ని మైళ్లు ఉరకాలో, ఏ రోజు ఆగాలో కాగితం మీద రాసిచ్చాడు. పదమూడు మైళ్లంటే పెద్ద పట్నాల్లో హాఫ్ మారథాన్ అంటారని, యాభైలో మొదటిసారి దానికి దిగడం మాటలు కాదని చెప్పాడు. గుడ్డ బూట్లు కూడా ఇప్పించాడు. షుకూర్ ఒక్కరోజు తొడుక్కుని, కాళ్లకు ఊపిరాడడం లేదని తీసేసి, మళ్లీ టైరు చెప్పులేసుకున్నాడు.

"మీ ఆయనకు నువ్వన్నా చెప్పమ్మా," అన్నాను ఒకరోజు సర్వరీ బేగంతో.

"ఏం చెప్పమంటరు భాయ్ సాబ్! పెండ్లయిన కాన్నుంచి చూస్తున్న, నిద్రల కాళ్లు ఆడిస్తడు. నా పక్కన పండుకొని ఇంకెవరి దగ్గరికో ఉరుకుతడు," అంది. "ఆడదాని దగ్గరికైతే జుట్టు పట్టి గుంజుకొద్దును. ఈయన పోయేది దోస్తు దగ్గరికాయె. పోనీ పాపం, ఒక్కసారి చేరనీ." నవ్వుతూనే అంది గానీ కళ్లు తుడుచుకుంది. ఆ వారం సంతలో ఎడ్లకు కట్టే మువ్వలు కొనుక్కొచ్చి, తన చేత్తోనే వెదురుకర్రకు కట్టింది.

ఒక్క చిక్కు మాత్రం మిగిలింది. పద్నాలుగేళ్లు ఎడమ భుజాన సంచి మోసిన మనిషి కదా, ఖాళీ భుజంతో ఉరికితే ఒంటి తూకం తప్పి పక్కకు లాగేది. అందుకని గోనెసంచిలో ఐదు కిలోల బియ్యం వేసుకుని ఉరికేవాడు. జూన్ నెలాఖరున నా గదికొచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"అన్నా, ఒక్క ఖాళీ టపా సంచి ఇయ్యి. రెండు దినాలల్ల తెచ్చి ఆడనే పెడత."

"సర్కారు సంచి నీ పుట్టినరోజు షికారుకా? ఇన్‌స్పెక్టరు వస్తే నా ఉద్యోగం నువ్విస్తావా? గోనెసంచే వేసుకో పో," అన్నాను. చెప్పానుగా, నా నోరు అంతే.

ఆయన తల ఊపి వెళ్లిపోయాడు. ఆ తర్వాత గోనెసంచి కూడా ముట్టలేదు. ఆ సంచి కాకపోతే ఏ సంచీ వద్దన్నాడు.

జూన్ ముప్పై సాయంత్రం నా సైకిల్ బస్సు మీద వేసుకుని ఇద్దరం దొరచెలక పోయాం. నేనెందుకు పోయానంటే, దారిలో పడిపోతే ఎత్తుకొచ్చే దిక్కు ఉండాలి కదా. తెల్లవారి ఆరింటికి, సన్నటి వానలో, పాత పోస్టాఫీసు అరుగు దగ్గర నుంచి షుకూర్ బయల్దేరాడు. వెనకాల సైకిల్ మీద నేను. హ్యాండిలుకు సర్వరీ బేగం ఇచ్చిన రొట్టెల గుడ్డసంచి, నీళ్ల డబ్బా.

మొదటి సగం నున్నటి బాట. టేకు చెట్ల మధ్య చదునుగా, బల్ల పరిచినట్టు పోతుంది. ఆయన పరుగూ కాదు నడకా కాదు, రెంటికీ మధ్యన ఒకే తీరున మువ్వలు మోగించుకుంటూ పోతున్నాడు. రోజూ ప్యాకింగు గదిలో వంగి సంచులు లాగే మనిషేనా ఈయన అనిపించింది నాకు. గంటన్నరకు మద్దిమాను వచ్చింది. చెట్టు అలాగే ఉంది. షుకూర్ ఆగి కింద ఒక రాయి చూశాడు.

"వాడు గీ రాయి మీదనే కూసుండేటోడు," అన్నాడు. అటువైపు బాట చూసి ఒక్క క్షణం తటపటాయించాడు. తర్వాత దాటాడు.

దాటిన పావుమైలుకే బాట గుట్టెక్కింది. గుట్టంటే అట్లాంటిట్లాంటి గుట్ట కాదు, సైకిల్ దిగి భుజాన వేసుకోవాల్సి వచ్చింది. నా జన్మలో అన్ని తిట్లు ఒకేసారి తిట్టలేదు. దిగగానే వాగు, మోకాలి లోతు. వాగు దాటగానే రాళ్ల బాట. మళ్లీ గుట్ట, మళ్లీ వాగు. షుకూర్ కాళ్లు వణుకుతున్నాయి, ఒకచోట జారి మోకాలు చెక్కుకుపోయింది. ఆఖరి గుట్ట మీద నిలబడి రొప్పుతూ వెనక్కి చూశాడు.

"అన్నా, వాని సగం గిట్లుంటదని నాకు తెల్వదు," అన్నాడు. "పద్నాలుగేండ్లు. ఒక్కనాడు చెప్పలే. గీ గుట్టలెక్కి దిగి గూడ నాకంటే ముందుగాల వచ్చి కూసున్నడన్నా."

చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "ఆగుదామా?" అన్నాను. తల అడ్డంగా ఊపి గుట్ట దిగాడు. ఆ తర్వాత మైలున్నర ఎలా ఉరికాడో ఆ దేవుడికే తెలియాలి.

ఇప్పలగూడెం ఇళ్లు ఇంకా కనబడలేదు, బాట మధ్యలో వానలో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. బక్కపలచటి ముసలాయన, నెత్తికి తువ్వాలు. రెండు కళ్లూ శుక్లాలు కమ్మి తెల్లగా ఉన్నాయి. ఆయన భార్య కాబోలు, వాళ్ల భాషలో ఏదో అంటూ చెయ్యి పట్టి ఇంటివైపు లాగుతోంది. ఆయన కదలడం లేదు. దూరాన్నుంచే మువ్వల చప్పుడు విని వచ్చాడేమో, చెవి అటే పెట్టి వింటున్నాడు.

షుకూర్ రెండడుగుల దూరంలో ఆగాడు.

బొజ్జయ్య రెండు చేతులూ ముందుకు చాచాడు, సంచి కోసం.

మా గదిలో గుట్టలుగా ఖాళీ సంచులున్నాయి. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి ఇవ్వడానికి నాకు చేతులు రాలేదు. షుకూర్ నా వంక చూశాడు. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది, లేదు. నేను గబగబా హ్యాండిలు నుంచి రొట్టెల సంచి తీసి ఆయనకిచ్చాను. ఆయన దాన్ని బొజ్జయ్య చేతుల్లో పెట్టాడు.

బొజ్జయ్య సంచిని పైకీ కిందికీ ఆడించి బరువు చూశాడు.

"ఇయ్యాల ఉత్తరాలు తక్కువనే," అన్నాడు.

షుకూర్ చేతులు ఇంకా చాచే ఉన్నాయి. ఒకటిచ్చి ఒకటి తీసుకున్న చేతులు కదా, అలవాటు పోలేదు. అది కళ్లు లేకపోయినా బొజ్జయ్యకు తెలిసింది.

"నా సంచి ఆ దినమే ఇచ్చిన గదా, మీ దొరచెలక ఆఫీసుల," అన్నాడు. "దీపాలు పెట్టే యాళ్లకు చేరిన. నువ్వు ఖమ్మం పోయినవన్నరు."

షుకూర్ మోకాళ్ల మీద కూలబడ్డాడు. పద్నాలుగేళ్లుగా గొంతులో ఉన్న మాట అప్పటికి బయటికొచ్చింది. "చెట్టుకింద ఎంతసేపు నిలబడ్డవ్ బొజ్జయ్యా?"

"ఆడ ఎందుకు నిలబడుత? నువ్వు రాకపోతివి. జ్వరమొచ్చి పడ్డవో, పాము కరిచిందో అని భయమయ్యింది. దారిపొంటి పొద పొదకు ఎతుక్కుంట, నిన్ను పిలుచుకుంట నీ దిక్కే వచ్చిన."

వాన పడుతూనే ఉంది. బొజ్జయ్య వంగి, చేత్తో తడుముకుంటూ షుకూర్ తలను, భుజాన్ని పట్టుకుని చూశాడు. ఎడమ భుజం దగ్గర చెయ్యి ఆగింది.

"నీ బాట అంత చదునే గదా," అన్నాడు. "ఆ దినమే చూసిన. గంత మంచి బాట పెట్టుకొని రోజు లేటొస్తివి."

"అవ్ బొజ్జయ్యా," అన్నాడు షుకూర్ ఏడుస్తూనే. "లేటయ్యింది."