తారాబలం చూసి మార్చిన ఆపరేషన్

మా ఇంట్లో ఫోన్ నంబరు అడిగిన ప్రతిచోటా నా నంబరే ఇస్తాను. స్కూలు, కరెంటు, డాక్టరు, అన్నిటికీ నేనే. ఇంటి పెద్దనన్న గొప్ప నాకు. అందుకే నా భార్య గాల్ బ్లాడర్‌లో రాళ్లు తీయడానికి గవర్నమెంటు హాస్పిటల్ వాళ్లు తేదీ ఇచ్చినప్పుడు ఫోను నాకే వచ్చింది. నెలల తరబడి ఎదురుచూసిన ఫోను అది.

ఆ తేదీ అమావాస్య.

నేను సాఫ్ట్‌వేర్ మనిషిని. ఆఫీసులో ఎవరేం చెప్పినా డేటా ఏదని అడిగే రకం. అలాంటివాణ్ణి ఆక్లాండ్ శివారు న్యూ లిన్‌లో మా అపార్ట్‌మెంట్ కింద కార్లో కూర్చుని పంచాంగం యాప్ తెరిచి, తిథిని న్యూజిలాండ్ టైముకి మార్చి, డేలైట్ సేవింగ్ గంట కూడా కలిపి, అమావాస్య ఇక్కడికి వచ్చేసరికి వెళ్లిపోతుందేమోనని లెక్క కట్టాను. వెళ్లలేదు. నిజానికి నాకు భయం వేసింది. మత్తిచ్చాక ఆమె కళ్లు తెరవకపోతే? ఆ మాట ఆమెతో అనలేక హాస్పిటల్‌కి ఫోన్ చేసి, కుటుంబ కారణాలని చెప్పి తేదీ మార్పించాను. నలభై రోజుల తర్వాత గురువారం, దశమి. తారాబలం చూశాను, చంద్రబలం చూశాను. యూనియన్ల బలం చూడలేదు.

ఆమెకి మాత్రం ఆ గురువారమే మొదటి తేదీ అన్నట్టు చెప్పాను. పాపం, నూనె లేని పప్పు తింటూ రోజులు లెక్కపెట్టుకుంది.

సరిగ్గా ఆ గురువారమే నర్సులు, డాక్టర్లు, టీచర్లు కలిసి సమ్మె ప్రకటించారు. ప్రాణం మీదికొచ్చినవి తప్ప ఆపరేషన్లన్నీ వాయిదా. నేను వంటింట్లో నిలబడి అరగంట ఉపన్యాసం ఇచ్చాను. జనం ప్రాణాలంటే లెక్కలేదా, ఇదేనా అభివృద్ధి చెందిన దేశం అని. దొంగే దొంగ దొంగ అని అరిచినట్టుంది నా వరస. ఆమె గిన్నెలు సర్దుతూ, "వాళ్ల కష్టాలు వాళ్లకుంటాయి లెండి" అంది.

ఆ రోజు మా పాపకి స్కూలు లేదు. ఆపరేషన్‌కని పెట్టిన సెలవు నాకెలాగూ ఉంది. ముగ్గురం సరుకులకని ఇండియన్ కొట్లుండే శాండ్రింగ్‌హామ్ బయల్దేరాం. దారిలో రోడ్డు పక్కన అట్టలు పట్టుకుని సమ్మెవాళ్లు నిలబడ్డారు. వాళ్లలో పాప టీచర్ కూడా ఉంది. మద్దతుగా కార్లన్నీ హారన్ కొడుతున్నాయి. నేను బిగుసుకుని కూర్చున్నాను. నా భార్య పక్క సీట్లోంచి వంగి, ఎడమచేత్తో పొట్ట పట్టుకుని, కుడిచేత్తో హారన్ గట్టిగా నొక్కింది.

కొట్లో సోనా మసూరి బస్తాల దగ్గర ఆమెకి నొప్పి వచ్చింది. ఆ బస్తాల మీదే కూర్చుండిపోయింది. ముఖం పాలిపోయింది. ఎమర్జెన్సీ తెరిచే ఉంటుందని నేనెవర్ని తిట్టానో వాళ్లే చెప్పి పెట్టారు కాబట్టి అక్కడికే పరిగెత్తాం.

సూది పడి నొప్పి కాస్త తగ్గాక నర్సు కంప్యూటర్ చూస్తూ అడిగింది. "నలభై రోజుల కిందే తేదీ ఇచ్చారు కదా. కుటుంబ కారణాలని మీరే మార్చమన్నట్టుంది?"

"నేను మార్చమనలేదు" అంది నా భార్య. తర్వాత నా వైపు తిరిగి తెలుగులో, "ఏం కుటుంబ కారణాలండీ?" అంది.

"ఆ రోజు అమావాస్య."

"వాట్స్ అమావాస్య?" అని పాప అడిగింది.

"నో మూన్" అంది వాళ్లమ్మ, నా మీంచి చూపు తిప్పకుండా.

"దట్స్ ఇట్?" అంది పాప.

"నీకేమైనా అవుతుందని భయపడ్డాను" అన్నాను.

"భయమేస్తే నాకు చెప్పాలి గానీ హాస్పిటల్‌కి చెప్తారా?"

తర్వాత నర్సుని పిలిచి నా నంబరు తీయించి తన నంబరు రాయించింది. అంకెలు చెప్పడంలో సాయం చేయబోయాను. వద్దంది.

కొన్ని వారాలకి ఒక ఉదయం ఇడ్లీ తింటూ, "రేపు ఏడింటికి నాకు ఆపరేషన్. నన్ను దింపితే చాలు" అంది.

"ఎప్పుడు తెలిసింది?"

"రెండు వారాలైంది."

రెండు వారాలు. ఆ పద్నాలుగు రోజులూ మేం కలిసే తిన్నాం, కలిసే నవ్వాం. ఆ తేదీని ఒక్కతే కడుపులో పెట్టుకుని తిరిగింది. నాకు సిగ్గేసింది.

"భయంగా ఉందా?" అని అడిగాను.

ఆమె నా ప్లేటులో ఇంకో ఇడ్లీ వేసింది. "ఉంది. మీకు చెప్తే మళ్లీ ఎవరికి ఫోన్ చేస్తారోనని చెప్పలేదు" అంది.