చీటీలు పెట్టే మనిషి

కోర్టు లైబ్రరీ అటెండరు చొక్కా జేబులో ఎప్పుడూ సన్నగా కత్తిరించిన కాగితపు చీటీలుంటాయి. వకీలు పాత తీర్పు అడగడమే ఆలస్యం, నిచ్చెనెక్కి పుస్తకం దించి, దుమ్ము దులిపి, ఆ పేజీలో చీటీ పెట్టి కోర్టు హాల్లోకి మోసుకెళ్తాడు. ఇరవై ఆరేళ్ల మోతలో అతనికి ఒంటబట్టింది ఒక్కటే. పై కోర్టు ఒకసారి తేల్చిన మాటను, అలాంటి గొడవే మళ్లీ వస్తే కింది కోర్టు కాదనకూడదు. ఈ రోజు మాత్రం ఇద్దరు వకీళ్లూ ఒకే పుస్తకంలో ఒకే పేజీ అడిగారు. ఇద్దరూ అదే పేరా చదివి, గెలుపు తమదేనన్నారు. జడ్జిగారు కళ్లద్దాలు తుడుచుకుని, "ఆ కేసులో గోడ కూలింది. ఇక్కడ బీటలు వారిందంతే. దాని సంగతి వేరు," అని పుస్తకం మూసేశారు. మరి ఇన్నేళ్లూ తాను మోసిందేమిటో అతనికి అంతుపట్టలేదు.

సాయంత్రం ఇంట్లో చెప్పులు విప్పుతుండగానే చిన్నకూతురు ఉద్యోగం కాగితం చేతిలో పెట్టింది. వేరే ఊరు, హాస్టల్లో ఉండాలి. "వద్దులేమ్మా," అన్నాడు. "అక్కని పంపావుగా నాన్నా?" "దాని సంగతి వేరు," అన్నాడు, అచ్చం జడ్జిగారిలాగే. "ఏం వేరో చెప్పు, ఊరుకుంటాను." చెప్పడానికి తేడా వెతికాడు. అదీ దూరపు ఊరే, అదీ హాస్టలే, పెద్దదానికీ అప్పుడు ఇరవై రెండే. జడ్జిగారికి కనీసం గోడ దొరికింది, తనకు పెచ్చు కూడా దొరకలేదు. అలవాటుగా చెయ్యి జేబులోకి వెళ్లి ఓ చీటీ తీసింది. దాన్నేం చెయ్యాలో తోచక, కూతురి కాగితం మడతలో పెట్టి, "ఎప్పుడు చేరమన్నారు?" అన్నాడు.